ప్రవరుని పాదలేపం – మంచుచరియల చదువు

మంచుకొండకు వెళ్ళి తిరిగిరాలేక చిక్కుకున్న తెలుగు యాత్రికుడు ఎవరని అడిగితే, సాహిత్యాభిమానులకు వెంటనే స్ఫురించే పేరు ప్రవరుడు. అల్లసాని పెద్దన మనుచరిత్రలో అరుణాస్పదపురవాసి అయిన ఆ బ్రాహ్మణ యువకునికి ఒక సిద్ధుడు పాదలేపం ఇస్తాడు. దాని మహిమ వల్ల అతడు క్షణంలో హిమాలయం చేరుకుంటాడు. వింతలన్నీ చూస్తాడు. మధ్యాహ్నమయ్యేసరికి ఇంటిమీద ధ్యాస మళ్ళుతుంది. అప్పటికి పాదాలకు పూసుకున్న లేపం మంచునీటికి కరిగిపోయి ఉంటుంది. వరూధిని కథంతా ఆ తరువాతిదే.

తరగతి గదిలో మనం సాధారణంగా వరూధినీ ప్రవరుల సంవాదం దగ్గర ఆగుతాం. దానికి ముందున్న చిన్న విషయం మీద దృష్టి నిలపం. ప్రవరుడు సాధనాన్ని నమ్మాడు, ఇచ్చినవాని మహిమను నమ్మాడు, కానీ తాను నడవబోయే మంచు ఆ సాధనాన్ని ఏమి చేస్తుందో అడగలేదు. నాలుగైదు శతాబ్దాల తరువాత పడమటి దేశాల పరిశోధకులు వందల ప్రమాదాలను తరచి చూసి తేల్చిన విషయం కూడా దీనికి దగ్గరగానే ఉన్నది. ఆ చరిత్రను తెలుగులో ఒకచోట కూర్చి చెప్పాలన్నది ఈ టపా ఉద్దేశం.

సముద్రపు గాలి తగిలే ఎస్. రాయవరంలో కూర్చుని మంచుచరియల గురించి రాయడమేమిటని మిత్రులు అడగవచ్చు. నేను మంచుకొండ ఎక్కినవాణ్ణి కాను. అయితే నా దగ్గర తెలుగు చదువుకున్న పిల్లలు కొందరు ఇప్పుడు సియాటిల్, డెన్వర్, సాల్ట్ లేక్ సిటీ వంటి ఊళ్ళలో ఉద్యోగాలు చేస్తున్నారు. వారాంతం వస్తే కొండలెక్కుతున్నారు. వారిలో కొందరికి అబ్బిన సరదా పేరు స్ప్లిట్‌బోర్డు. ఇక్కడ వారి తల్లిదండ్రులకు అది ఏమిటో తెలియదు. తెలిసినదల్లా "మంచు విరిగిపడి మృతి" అన్న వార్త ఒక్కటే. వద్దనడం తప్ప వారికి మరో మాట తోచదు. ఆ వద్దనడాన్ని పిల్లలు వినరు. ఈ ఇద్దరి నడుమా చెప్పుకోవలసిన మాటలు కొన్ని ఉన్నాయి.

ముందుగా పదాల సంగతి. మంచు మన కోస్తా జీవితంలో ఒకే మాట. తెల్లవారుజామున పొలం మీద కమ్మేదీ మంచే, గడ్డిపరక మీద నిలిచే బిందువూ మంచే, ఆకాశం నుంచి దూదిలా రాలేదీ మంచే. అమరకోశం నీహారం, తుషారం, తుహినం, ప్రాలేయం వంటి మాటలను పర్యాయాలుగానే చెప్పింది. పేరుకుపోయిన మంచురాశికి మాత్రం 'హిమాని' అని వేరే మాట ఇచ్చింది. మన పత్రికలు 'హిమపాతం' అన్న మాటను మంచు కురవడానికీ, మంచు విరిగిపడడానికీ కూడా వాడుతున్నాయి. మొదటిది వేడుక, రెండవది మృత్యువు. రెంటికీ ఒకే పేరుండడం మంచిది కాదు. ఘాట్ రోడ్డు మీద విరిగిపడేదాన్ని మనం కొండచరియ అంటున్నాం గనుక దీన్ని మంచుచరియ అందాం. 1862లో ఇదే రాయవరంలో, మాతామహుల ఇంట పుట్టిన గురజాడ జనం నోటి మాటకే పట్టం కట్టినవాడు గదా.

మంచుచరియ అంటే పైనుంచి దొర్లివచ్చే మంచు ముద్ద అని చాలామంది అనుకుంటారు. ప్రాణాలు తీసేది ఎక్కువగా అది కాదు, పలక వంటి చరియ. శీతకాలమంతా మంచు పొరలు పొరలుగా పడుతుంది. పొరలన్నీ ఒకే గట్టిదనంతో ఉండవు. చింతపల్లి దగ్గరి లంబసింగిలో కొన్ని చలిరాత్రుల తరువాత గడ్డిమీద తెల్లగా గరుకుగా పేరుకునేది చూసినవారికి ఈ సంగతి సులభంగా బోధపడుతుంది. అటువంటి స్ఫటికాలే మంచుకొండ మీద ఏర్పడి, వాటిమీద కొత్త మంచు కురిస్తే, ఆ స్ఫటికాలు బలహీనమైన పొరగా లోపల ఉండిపోతాయి. నేలమీద ఆవాలు పరచి వాటిమీద బరువైన పలకను ఉంచినట్లు ఊహించుకోండి. నేల చదునుగా ఉన్నంతసేపు ఏమీ కాదు. నేలను వాల్చితే? పైగా ఆ పలకమీద ఒక మనిషి అడుగుపెడితే? లోపలి పొర పుటుక్కున కూలి, ఆ చీలిక రెప్పపాటులో వాలంతా పాకి, పైపలక ముక్కలై మనిషితో సహా జారిపోతుంది. ఇటువంటి చరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులోనే విరుగుతాయి. అంతకంటే నిటారైన చోట మంచు తరచుగా తనంత తానే రాలిపోతూ ఉంటుంది. దురదృష్టమేమంటే, బోర్డు మీద జారడానికి ఇంపుగా ఉండేదీ ఆ వాలే. ప్రమాదంలో చిక్కుకున్న విహారయాత్రికులలో దాదాపు తొంభై శాతం మందిని ముంచిన చరియ, వారిగాని వారి తోడివారిగాని అడుగు పడి కదిలినదే. అంటే ఇది దైవికంగా నెత్తిన పడే పిడుగు వంటిది కాదు.

ఈ జ్ఞానం లోకానికి ఉచితంగా రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆల్ప్స్ పర్వతాలలో ఇటలీ, ఆస్ట్రియా సైన్యాలు ఎదురెదురుగా మోహరించి ఉండగా, 1916 డిసెంబరు 13న మార్మొలాడా శిఖరం కింద ఆస్ట్రియా సైనికుల విడిది మీద మంచుచరియ పడింది. 270 మంది దాకా మరణించారు. ఆ చలికాలంలో చరియల పాలైన ఇరుపక్షాల సైనికుల సంఖ్య వేలలోనే ఉంటుందని చరిత్రకారులు చెబుతారు. స్విట్జర్లాండులో దావోస్ పట్టణానికి ఎగువన ఉన్న వైస్‌ఫ్లూయోహ్ కనుమలో 1936లో కొందరు శాస్త్రజ్ఞులు ఒక చెక్క గుడిసె కట్టుకుని మంచును తవ్వి పొరపొరనూ కొలవడం ఆరంభించారు. అదే పెరిగి స్విస్ మంచు, మంచుచరియల పరిశోధన సంస్థ అయింది. ప్రజల కోసం ప్రమాద సూచికలను ప్రకటించడం ఆ సంస్థ 1945లో మొదలుపెట్టింది. రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక, పర్వత సైనిక దళంలో పనిచేసి వచ్చిన మాంట్‌గొమరీ ఆట్‌వాటర్ అమెరికాలోని ఉటా రాష్ట్రంలో ఆల్టా అనే చోట అటవీశాఖ ఉద్యోగిగా చరియలను అధ్యయనం చేశాడు. జనం లేనప్పుడు ఫిరంగులతో, పేలుడు పదార్థాలతో చరియలను ముందే కూల్చే పద్ధతికి అక్కడ రూపం వచ్చింది.

మన దేశంలో ఈ చదువు సరిహద్దు రక్షణతో ముడిపడి వచ్చింది. హిమాలయాల్లో నిలిచిన సైనికుల కోసం రక్షణ పరిశోధన వ్యవస్థలో భాగంగా 1969లో మనాలిలో మంచు, మంచుచరియల అధ్యయన సంస్థ ఏర్పడింది. దాన్ని 2020లో మరో ప్రయోగశాలతో కలిపి కొత్త సంస్థగా మార్చారు. ఆ పరిశోధన ఎంత ముందుకు వెళ్ళినా మంచు తన పన్ను వసూలు చేస్తూనే ఉన్నది. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్‌లో సుమారు 19,600 అడుగుల ఎత్తున ఉన్న సోనమ్ స్థావరాన్ని మంచురాశి కప్పివేసి, మద్రాసు రెజిమెంటుకు చెందిన పదిమందిని బలిగొన్నది. వారిలో మన కర్నూలు జిల్లా సిపాయి ఒకరు. ఆరు రోజుల తరువాత కొనప్రాణంతో బయటపడిన కర్ణాటక సైనికుడు హనుమంతప్ప కూడా ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆ పదిమందీ తమకై తాము ఆ మంచును ఎంచుకోలేదు. వారాంతపు సరదాకు వెళ్ళేవారికి మాత్రం ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నది. ఆ స్వేచ్ఛ విలువ ఏమిటో సియాచిన్ గుర్తుచేస్తుంది.

ఇక సాధనాల చరిత్ర. 1968లో జాన్ లాటన్ అనే అమెరికన్ ఇంజనీరు ఒంటికి కట్టుకునే చిన్న రేడియో పరికరాన్ని తయారుచేశాడు. అది ఎల్లప్పుడూ ఒక సంకేతాన్ని పంపుతూ ఉంటుంది. ఒకరు మంచులో పూడిపోతే, మిగిలినవారు తమ పరికరాలను వినే స్థితికి మార్చుకుని ఆ సంకేతాన్ని పట్టుకుంటూ చేరుకుంటారు. ఇప్పుడు లోకమంతా ఇటువంటి పరికరాలు 457 కిలోహెర్ట్జ్ మీదనే పనిచేస్తాయి. దానికి తోడు మంచులో గుచ్చి చూసే మడత కడ్డీ ఒకటి, తవ్వడానికి పార ఒకటి. ఈ మూడూ ప్రతి మనిషి దగ్గరా ఉండాలి. ఎందుకంటే మిమ్మల్ని వెలికితీసేది మీ పార కాదు, మీ స్నేహితుని పార. 1994లో ప్రచురితమైన ఒక ప్రసిద్ధ పరిశోధన ప్రకారం, పూర్తిగా పూడిపోయినవారిని 15 నిమిషాలలోపల తీయగలిగితే నూటికి 92 మంది బతికే అవకాశమున్నది. 35 నిమిషాలయ్యేసరికి అది 30కి పడిపోతుంది. 2024లో స్విట్జర్లాండు లెక్కలతో వచ్చిన అధ్యయనం ఆ తొలి గడువును 10 నిమిషాలకు కుదించింది. నూట ఎనిమిదికి ఫోను చేసి ఎదురుచూసే వ్యవధి అక్కడ లేదు. పక్కనున్నవాడే వైద్యుడు, వాడే దేవుడు.

ఈ కథలోకి స్ప్లిట్‌బోర్డు వచ్చినది 1990లలో. మంచుమీద జారే ఒంటిపలకను నిలువునా రెండుగా చీల్చి, రెండు పాదాలకూ కట్టుకుని, అడుగున జారనివ్వని పట్టీలు అంటించుకుని కొండ ఎక్కుతారు. పైకి చేరాక రెండింటినీ కలిపి ఒక పలకగా బిగించి దిగుతారు. ఉటాలో బ్రెట్ కోబర్నిక్ అనే యువకుడు వాలే సంస్థతో కలిసి దీన్ని తీర్చిదిద్దాడు. 1994లో పలకను చీల్చుకునే సామగ్రి అంగడికి వచ్చింది. అంతవరకు యంత్రాల సాయంతో, కాపలా ఉన్న వాలుల్లో మాత్రమే జారినవారికి కాపలా లేని కొండల తలుపు తెరుచుకున్నది. ఇదే మన ప్రవరుని పాదలేపం. ఎక్కడికైనా తీసుకుపోతుంది, తిరిగి తెస్తానన్న పూచీ మాత్రం ఇవ్వదు. కోబర్నిక్ ఆ సంగతి ఎరిగినవాడు. తరువాతి కాలంలో ఉటా మంచుచరియల కేంద్రంలో ప్రమాద సూచనలు రాసే ఉద్యోగిగా చాలా ఏళ్ళు పనిచేశాడు. లేపం చేసిన చేతులే హెచ్చరికలు రాయడం నాకు ఎంతో గౌరవనీయంగా తోస్తుంది.

2003వ సంవత్సరపు చలికాలం ఈ చరిత్రలో ఒక మలుపు. కెనడాలో రెవెల్‌స్టోక్ సమీపంలో జనవరి 20న పడిన మంచుచరియ ఏడుగురిని పొట్టన పెట్టుకున్నది. వారిలో ఒకడు క్రెయిగ్ కెల్లీ. ప్రపంచ పోటీలను గెలిచి, ఆ కీర్తిని వదిలి, కొండదారులు చూపే మార్గదర్శి కావడానికి శిష్యరికం చేస్తున్నవాడు. అంతటివాడు, అనుభవజ్ఞుల వెంట ఉండగానే పోయాడు. పన్నెండు రోజులకు, ఫిబ్రవరి 1న, అదే ప్రాంతంలోని రోజర్స్ కనుమ వద్ద కానాట్ క్రీక్ లోయలో స్కీయింగు యాత్రకు వచ్చిన ఒక పాఠశాల జట్టు మీద చరియ పడింది. పద్నాలుగుమంది విద్యార్థులలో ఏడుగురు చనిపోయారు. పదవ తరగతి పిల్లలు. విహారయాత్రకు పిల్లలను తీసుకువెళ్ళి, బస్సు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ తలలు లెక్కపెట్టుకున్న ఏ ఉపాధ్యాయుడైనా ఆ వాక్యం దగ్గర కాసేపు ఆగిపోతాడు.

ఆ దుఃఖం వృథా కాలేదు. మరుసటి సంవత్సరమే కెనడాలో జాతీయ మంచుచరియల కేంద్రం ఏర్పడింది. ఏ లోయ ఎంత ప్రమాదకరమో, ఆనాటి మంచుతో నిమిత్తం లేకుండా, నేల స్వరూపాన్ని బట్టి వర్గీకరించే పద్ధతిని అక్కడి జాతీయోద్యానాల శాఖ రూపొందించింది. మంచు రోజూ మారుతుంది, కొండ మారదు. మారనిదాన్ని ముందుగా చదువుకోవాలన్నది ఆ పాఠం.

సరిగ్గా ఆ రోజులలోనే ఇయాన్ మెక్‌కామన్ అనే అమెరికన్ పరిశోధకుడు మరో ప్రశ్న వేశాడు. మంచును గురించి చదువుకున్నవారు కూడా ఎందుకు చనిపోతున్నారు? 1972 నుంచి 2003 వరకు అమెరికాలో జరిగిన 715 ప్రమాదాలను పరిశీలించి 2004లో తన వ్యాసం వెలువరించాడు. చాలా సందర్భాలలో ప్రమాద చిహ్నాలు కళ్ళెదుటే ఉన్నాయి. మనసు వాటిని చూడనివ్వలేదు. ఆ మనసు పన్నే వలలను అతడు ఆరుగా విభజించాడు. మన మాటల్లో చెబితే ఇవి: తెలిసిన చోటే గదా అన్న ధీమా, పూనిన పని విడువరాదన్న పట్టుదల, పక్కవారి మెప్పు కోరడం, జట్టులో పెద్దవాడున్నాడు, ఆయనకు తెలుసులే అన్న భరోసా, మనకంటే ముందు ఇంకెవరో జారిపోతారన్న తొందర, నలుగురూ ఉన్నారు గదా అన్న ధైర్యం. పరిచయమైన ప్రదేశంలో మంచి శిక్షణ పొందినవారు సైతం శిక్షణ లేనివారితో సమానంగా ప్రమాదానికి ఒడ్డుకున్నారన్నది ఆ వ్యాసంలోని అతి చేదు నిజం.

వీటిలో రెండవది తెలుగు పండితుణ్ణి కాస్త ఇబ్బంది పెడుతుంది. ఆరంభించిన పనిని, విఘ్నాలు ఎన్ని వచ్చినా విడిచిపెట్టని ధీరుణ్ణి ప్రశంసించే భర్తృహరి సుభాషితాన్ని, ఏనుగు లక్ష్మణకవి తెలుగులో, తరతరాల విద్యార్థులకు మనం కంఠస్థం చేయించాం. మంచుచరియల గురువులు మొదటిరోజే చెప్పేది, శిఖరం వంద గజాల దూరాన ఉన్నా వెనుదిరగగలిగినవాడే నేర్పరి అని. ఈ రెంటికీ పొత్తు ఎలా? నాకు తోచినది ఇది. సుభాషితం చెప్పిన పని పురుషార్థం. వాలు మీద జారడం వేడుక. వేడుకకు మొండితనం తోడైతే దాన్ని ధైర్యమనరు. అసలు ఆ యాత్రలో ఆరంభించిన పని ఏమిటి? శిఖరం చేరడమా, ఇల్లు చేరడమా? ఇల్లు చేరడమే అనుకుంటే వెనుదిరిగినవాడే పూనిన పనిని నెరవేర్చినవాడు. పద్యమూ నిలుస్తుంది, పిల్లవాడూ నిలుస్తాడు.

పెద్దవాడున్నాడన్న భరోసాకు మన దేశంలోనే ఒక విషాద సాక్ష్యమున్నది. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ శిక్షణ బృందం ద్రౌపదీ కా దండా రెండవ శిఖరం దగ్గర మంచుచరియలో చిక్కుకున్నది. ఇరవైమందికి పైగా చనిపోయారు, ఎక్కువమంది శిక్షణ పొందుతున్నవారు. ఆ ఏడాది మే నెలలోనే ఎవరెస్టు, మకాలు శిఖరాలను ఎక్కివచ్చిన శిక్షకురాలు సవితా కన్స్వాల్ కూడా వారిలో ఉన్నారు. ఇందులో ఎవరినీ తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. గురువుకున్న అనుభవం మంచుకు తెలియదు, అంతే.

మరి మనవాళ్ళు నేర్వగలరా? తప్పక నేర్వగలరు. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్ కుమార్ సంక్షేమ గురుకులాల విద్యార్థులు. మంచు ఎరుగని ఊళ్ళలో పుట్టిన ఆ పిల్లలు భువనగిరి బండమీద ఎక్కడం నేర్చారు. డార్జిలింగులోని హిమాలయ పర్వతారోహణ సంస్థలో, ఆ తరువాత లద్దాఖు చలిలో శిక్షణ పొందారు. 2014 ఏప్రిల్ 18న ఎవరెస్టుకు నేపాలు వైపున ఖుంబూ మంచుజలపాతంలో చరియ పడి 16 మంది నేపాలీ కార్మికులు మరణించారు. మన పిల్లలు టిబెట్టు వైపు నుంచి ఎక్కుతున్నారు. మే 25న ఇద్దరూ శిఖరం చేరారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. తెలంగాణ రాష్ట్రం ఏర్పడడానికి ఎనిమిది రోజుల ముందటి మాట. పుట్టిన ఊరిలో మంచు లేకపోవడం చదువుకు అడ్డు కాదని ఆ ఇద్దరూ నిరూపించారు.

మా ప్రాంతంవారికి ఈ చదువులో ఒక భాగం పుట్టుకతోనే వస్తుందని కూడా చెప్పవచ్చు. మా మండలంలోని రేవుపోలవరం తీరంలో బెస్తవారు ఆకాశాన్నీ, గాలినీ, నీటి రంగునూ చూసి వేటకు వెళ్ళాలో మానాలో నిర్ణయిస్తారు. ఓడరేవుల్లో ఒకటి నుంచి పదకొండు దాకా ఎగరేసే తుఫాను సూచికలు మనకు తెలుసు. 1977 నవంబరు దివిసీమ ఉప్పెనను, 2014 అక్టోబరు 12నాటి హుద్‌హుద్‌ను చూసినవారికి అంకె వెనుక ఉన్నదేమిటో తెలుసు. మంచుచరియలకూ అటువంటి సూచిక ఉన్నది. 1993లో ఐరోపా దేశాలు ఒప్పుకున్న ఐదంచెల కొలబద్ద అది. స్వల్పం, మితం, గణనీయం, అధికం, అత్యధికం అని తెలుగు చేయవచ్చు. చిక్కంతా మూడవ అంచెలోనే ఉన్నది. స్విట్జర్లాండులో మరణాలలో దాదాపు సగం మూడవ అంచె ప్రకటించిన రోజుల్లోనే జరుగుతున్నాయి. నాలుగు, ఐదు అంటే జనం ఇంట్లో ఉంటారు. మూడు అంటే ఐదింటిలో సగమే గదా అనుకుంటారు. నిజానికి ఒక్కో మెట్టుకూ ప్రమాదం ఒకటి చొప్పున కాక రెట్ల లెక్కన పెరుగుతుంది. 'గణనీయం' అన్న మాట గణాంకాల పుస్తకంలో బాగుంటుంది గాని మనిషిని ఆపదు. తెలుగులో ఆ మెట్టుకు పేరు పెట్టే అవకాశం వస్తే 'ప్రాణాపాయకరం' అంటాను. మాట సరిగా ఉంటే కొన్ని ప్రాణాలు నిలుస్తాయి.

కాబట్టి తల్లిదండ్రులకు నా విన్నపం. "వెళ్ళకు" అనడానికి బదులు నాలుగు ప్రశ్నలు అడగండి. మొదటిది: మంచుచరియల శిక్షణలో మొదటి తరగతి చదివావా? అమెరికాలో అది సుమారు మూడు రోజుల పని. రెండవది: ఈ ఉదయపు సూచిక ఎంత, అది ఏ దిక్కు వాలు గురించి హెచ్చరించింది? మూడవది: పరికరం, కడ్డీ, పార జట్టులో అందరికీ ఉన్నాయా, ఈ చలికాలంలో వాటితో వెతకడం సాధన చేశారా? నాలుగవది: మీలో ఏ ఒక్కరు "వద్దు" అన్నా మిగిలినవారు మారుమాట లేకుండా వెనుదిరుగుతారా?

పిల్లలకు కూడా నాలుగు మాటలు. దగ్గరలో కొత్తగా విరిగిన చరియ కనిపించినా, అడుగు వేయగానే మంచులోంచి 'బుమ్' మన్న బోలు శబ్దం వచ్చినా, కాలి దగ్గర నుంచి చీలిక పరుగెత్తినా కొండ మాట్లాడుతున్నదని గ్రహించండి. నిన్నా మొన్నా విస్తారంగా మంచు కురిసినా, గాలి తోసినా, ఉన్నట్టుండి వేడెక్కినా ఆ రోజు 30 డిగ్రీలకు లోపలి వాలులతో తృప్తిపడండి, తలపైన నిటారు వాలు లేకుండా చూసుకోండి. వాలును ఒక్కొక్కరే దాటండి, మిగిలినవారు సురక్షితమైన చోట నిలిచి కళ్ళు తిప్పకుండా చూడండి. గుంట తవ్వి పొరలను పరీక్షించడం నేర్వండి. 2006లో వచ్చిన ఒక పరీక్షలో 90 సెంటీమీటర్ల వెడల్పున మంచు దిమ్మను కోసి, దానిమీద పారను ఉంచి, మణికట్టుతో పది, మోచేతితో పది, భుజంతో పది దెబ్బలు వేస్తారు. చీలిక ఆ దిమ్మ అంతటా ఒక్కసారిగా పాకితే తిరుగుముఖం పట్టవలసిందే. చీలిక రానంత మాత్రాన అభయం దొరికినట్టు కాదు. పరీక్షను వద్దనడానికే వాడాలి, సరే అనడానికి వాడరాదని గురువులు చెబుతారు.

ప్రవరునికి ఇంటికి పోవాలన్న బుద్ధి పుట్టింది, కాని మధ్యాహ్నం దాటాక పుట్టింది. ఉదయమే ఆ బుద్ధిని మూటగట్టుకుని బయలుదేరండి నాయనా. మీరు క్షేమంగా దిగిన తరువాత ఒక చిన్న సందేశం ఇంటికి పంపండి. ఇక్కడ రాత్రి ఎంత ప్రొద్దుపోయినా చూసుకునేవారు ఉంటారు.